పాపికొండల బోటు టూర్: కొండలకు ఫుల్ మార్కులు, మైకుకు సున్నా

జనవరిలో ఇంట్లోవాళ్లం ఆరుగురం పాపికొండలు వెళ్లొచ్చాం. రాజమండ్రిలో వ్యాన్ ఎక్కించుకుని, గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కించి, చీకటి పడేసరికి మళ్లీ రాజమండ్రిలో దింపేసే ఒకరోజు ప్యాకేజీ. బోటు వాళ్ల పేరు రాయను. వేరే బోటు ఎక్కినా నాకు ఇదే అనుభవం ఎదురయ్యేదని అనుమానం.

ముందు సర్వీసు సంగతి. టిఫిన్ ఉప్మా చల్లారిపోయింది. భోజనం మాత్రం బాగుంది, పప్పు మళ్లీ అడిగితే విసుక్కోకుండా వేశారు. బాత్‌రూమ్ గురించి రాయకపోవడమే మంచిది. లైఫ్ జాకెట్ అందరికీ ఇచ్చారు, కంపు కొడుతోందని మా వాడు విప్పబోతే గట్టిగా కేకేశారు, అది నాకు నచ్చింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఎవరూ మర్చిపోలేదు కదా, బోటు ఆ మలుపు దాటేటప్పుడు మా ఆవిడ పిల్లల చెయ్యి వదల్లేదు. కొండల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పొగమంచులో గోదావరి సన్నబడి రెండు కొండల మధ్య దూరుతుంటే పాటలు ఆపేసి ఊరికే చూడాలనిపిస్తుంది.

కానీ వాళ్లు పాటలు ఆపరు. అసలు గొడవ అక్కడే.

గండిపోచమ్మ దగ్గర బయల్దేరిన కాసేపటికే దేవీపట్నం వస్తుంది. ఒకప్పుడు మండల కేంద్రం. ఇప్పుడు బోటులోంచి చూస్తే పైకప్పుల్లేని గోడలు, ఎండిపోయిన చెట్లు, బురద చారలు. పోలవరం ప్రాజెక్టు కోసం కాఫర్ డ్యామ్ (తాత్కాలిక అడ్డుకట్ట) కట్టాక వరద వెనక్కి ఎగదన్ని ఈ ఊళ్లన్నీ ఖాళీ అయ్యాయి. మైకు పట్టుకున్న కుర్రాడు ఇక్కడ ఏదైనా చెప్తాడని ఎదురుచూశాను. ఏ రాయి దగ్గర ఏ హీరో ఫైట్ చేశాడో చెప్పాడు, జోకులు వేశాడు, వెనకాల సీట్ల వాళ్లని డాన్స్‌కి లేపాడు. అంతే. దేవీపట్నం ముందు నుంచి ఒక ఐటెం సాంగ్ మీద దాటిపోయాం. అతన్ని తిట్టబుద్ధి కాలేదు, ఓనరు చెప్పమన్నదే చెప్తాడు. కానీ మాలాంటి వాళ్లు చాలామంది అది ఏదో పాత కోట అనుకుని ఫొటోలు తీసుకున్నారు.

తిరిగొచ్చాక రేవు మెట్ల దగ్గర వెదురుతో చేసిన పూలు, చింతపండు అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గర మా ఆవిడ బేరమాడుతుంటే, మీదే ఊరమ్మా అని అడిగాను. "పాతదా బాబూ, కొత్తదా?" అంది.

పాత ఊరు నీళ్లలో ఉంది. కొత్తది ప్రభుత్వం కట్టిన పునరావాస కాలనీ. ఇల్లు బాగానే ఉందట, స్లాబు, కరెంటు, కుళాయి అన్నీ ఇచ్చారట. పనే లేదట. అడవిలో ఉన్నప్పుడు చింతపండు, కుంకుడుకాయ, అడ్డాకులు, వెదురు, జీలుగు కల్లు అన్నీ చేతికందేవి, ఉప్పూ కిరసనాయిలూ తప్ప కొనేవాళ్లం కాదు, ఇప్పుడు కట్టెపుల్లకి కూడా డబ్బులు కావాలి అంది. కొడుక్కి సర్వే నాటికి 18 నిండలేదని పునరావాస ప్యాకేజీ రాలేదు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు, చిల్లర లెక్కపెట్టుకుంటూ చెప్పింది.

మాది కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవబట్టే మా తాతలు వరి తిన్నారు, మా వైపు కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తాం. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు చాలని ఏడాది మా నాన్న ఎంత టెన్షన్ పడేవాడో నాకు తెలుసు. పోలవరం పూర్తయితే 194 టీఎంసీలు నిలవ ఉంటాయి, 7 లక్షల ఎకరాలకు పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, డెల్టాకి భరోసా. కాబట్టి ప్రాజెక్టు వద్దని చెప్పే ముఖం నాకు లేదు, వద్దని అనడం లేదు కూడా. కానీ లాభం మా వైపు, మునక వాళ్ల వైపు. మునిగేది 370కి పైగా ఆవాసాలు, దాదాపు లక్ష కుటుంబాలు. వాళ్లలో సగానికి సగం కొండరెడ్లు, కోయలు లాంటి గిరిజనులే. దేశం మొత్తం మీద కూడా జనాభాలో 8 శాతం ఉన్న గిరిజనులు, ప్రాజెక్టుల కోసం ఊళ్లు వదిలిన వాళ్లలో 40 శాతం ఉంటారని పరిశోధకుల అంచనా.

ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కదా, గిరిజనుల భూమి బయటివాడు కొనకూడదు. బయటివాడు కొనకూడదు సరే, సర్కారు తీసుకోవచ్చు! మొదట్లో ఇక్కడ భూములు తీసుకున్నది 1894 నాటి చట్టంతో, అంటే తెల్లవాడు తన పనుల కోసం రాసుకున్న చట్టంతో. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 66 ఏళ్లు దాన్నే వాడుకున్నాం. అప్పుడు ఎకరానికి ఇచ్చింది లక్ష, లక్షన్నర మధ్య, ఆ డబ్బుతో వేరేచోట ఎకరం కొనడం జరిగే పని కాదు. 2013లో వచ్చిన కొత్త చట్టం నయం. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని అందులో రాశారు. కాగితం మీద. 2021 వరదకి నీళ్లు ఊళ్లలోకి వచ్చేసరికి చాలామంది ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు, కొందరు కొండెక్కి టార్పాలిన్ల కింద బతికారు.

ఇదంతా టూర్ రివ్యూలో ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. మేం మనిషికి వెయ్యి పైన పెట్టి చూసింది ఆ ఊళ్ల మీద నిలబడ్డ నీళ్లనే కదండీ. ఆరేడు గంటలు మైకు చేతిలో ఉన్నప్పుడు ఇది దేవీపట్నం, ఇక్కడి జనం ఫలానా కాలనీలకి వెళ్లారు అని 2 నిమిషాలు చెప్తే బోటు మునిగిపోదు. ఆ ఊళ్ల కుర్రాళ్లనే గైడ్లుగా పెట్టుకుంటే ఇంకా మంచిది, వాళ్లకి ఆ నది అడుగు అడుగూ తెలుసు.

కొండలకి 5, భోజనానికి 4, మైకుకి సున్నా. మొత్తం మీద 5కి 3 ఇస్తున్నా. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, వరదల్లో బోట్లు ఆపేస్తారు. పై డెక్ మీద స్పీకరుకి దూరంగా కూర్చోండి. మెట్ల దగ్గర మాకు ఫోన్‌కి సిగ్నల్ దొరకలేదు, చింతపండు కొనేటప్పుడు ఆమె దగ్గర చిల్లరా లేదు. జేబులో పదులు, ఇరవైలు పెట్టుకుని వెళ్లండి.