సార్టెక్స్‌కి కంప్రెసర్, డ్రయ్యర్ కొనేవాళ్ళు జాగ్రత్త: కొటేషన్‌లో అబద్ధం ఉండదు, సగం మాటే ఉంటుంది

రైస్ మిల్లు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కలర్ సార్టర్ (నల్లగింజల్ని కెమెరాతో గుర్తుపట్టి గాలి దెబ్బతో ఏరేసే మెషిన్, మిల్లుల్లో సార్టెక్స్ అంటాం) కోసం గాలిని ఒత్తి పంపే కొత్త కంప్రెసర్ సెట్ తీసుకుందామని చూస్తున్నవాళ్ళు, అడ్వాన్స్ కొట్టే ముందు ఇది ఒకసారి చదవండి. కాస్త పెద్దగానే ఉంటుంది, చదివితే డబ్బులు మిగులుతాయి.

మాది మిర్యాలగూడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. పోయిన యాసంగికి ముందు 20 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్, రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ (గాలిని చల్లబరిచి తేమ తీసేది), మూడు ఫిల్టర్లు, ట్యాంకు అన్నీ కలిపి ఒకే పార్టీ దగ్గర ప్యాకేజీగా తీసుకున్నాం. ఆ పార్టీ పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు, తర్వాత నేను ఇంకో నాలుగు చోట్ల కొటేషన్లు తెప్పించుకుంటే మూడింటిలో అచ్చం ఇవే మాటలు ఉన్నాయి. కాబట్టి పేరు తెలుసుకుని ఒకణ్ణి తప్పించుకున్నా ఇంకొకడి దగ్గర ఇరుక్కుంటారు.

జరిగింది చెప్తాను. ఏప్రిల్ చివర్లో పని ఊపులో ఉన్నప్పుడు సార్టర్ రిజెక్షన్‌లో (ఏరి పక్కకి తోసినదాంట్లో) మంచి బియ్యం పడటం, మంచి బియ్యంలో నల్లగింజ రావటం మొదలైంది. కెమెరా అనుకుని అద్దాలు తుడిచాం, సెన్సిటివిటీ మార్చాం, రిజెక్షన్ మళ్ళీ పోసి తిప్పాం, రెండు రోజులు అదే గోల, బయట లారీ వెయిటింగ్, హమాలీలు ఖాళీ. చివరికి సార్టర్ సర్వీసు అబ్బాయి వచ్చి ఎజెక్టర్ (గింజ మీద గాలి కొట్టే చిన్న వాల్వు) విప్పి చూపిస్తే లోపల పాలలాంటి తెల్లటి జిడ్డు. నూనె, నీళ్ళు కలిసి, దానికి తవుడు దుమ్ము పట్టి ముద్దయిపోయింది. సెకనులో వందల సార్లు తెరుచుకుని మూసుకోవాల్సిన వాల్వు అది, జిడ్డులో ఎలా కొడుతుంది? 37 ఎజెక్టర్లు మార్చాం. ఆ ఖర్చు ఒక ఎత్తు, రిజెక్షన్‌లో పోయిన మంచి బియ్యం ఇంకో ఎత్తు.

పార్టీకి ఫోన్ చేస్తే, "సార్, మీ మిల్లులో తేమ ఎక్కువ, మా మెషిన్ తప్పేం లేదు, కొటేషన్‌లో రాసిందే ఇచ్చాం, కావాలంటే చూసుకోండి" అన్నాడు. సరే అని ఆ రెండు పేజీలు ముందు పెట్టుకుని, తెలిసిన ఒక మెయింటెనెన్స్ ఇంజినీరు గారి పక్కన కూర్చుని ఒక్కో లైను చదివాను. నిజంగానే అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, అదే నాకు మండింది.

మొదటిది సీఎఫ్ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. కొటేషన్‌లో 88 సీఎఫ్ఎం అని ఉంది, మా సార్టర్‌కి కావలసింది కూడా 6 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఇంచుమించు అంతే, సరిపోయిందనుకున్నాం. కానీ స్క్రూ మెషిన్ కేటలాగులో ఒకే మోడల్‌కి ప్రెషర్‌ని బట్టి వేరువేరు కాలమ్‌లు ఉంటాయి, 7 బార్‌కి ఒక సీఎఫ్ఎం, 10 బార్‌కి ఇంకొకటి, ప్రెషర్ పెరిగేకొద్దీ గాలి తగ్గుతుంది. కొటేషన్‌లో వేసింది 7 బార్ కాలమ్ అంకె, మాకు పంపింది 10 బార్ మెషిన్, దాని గాలి 74 మాత్రమే. "10 బార్ అంటే ఇంకా పవర్‌ఫుల్ సార్" అని చెప్పి పంపాడు కూడా! అందుకే సీఎఫ్ఎం అని రాస్తే ఒప్పుకోకండి, ఎఫ్ఏడీ (నిజంగా బయటికొచ్చే గాలి) అని, ఏ ప్రెషర్ దగ్గర అని, ఐఎస్ఓ 1217 (కంప్రెసర్ గాలిని కొలిచే స్టాండర్డ్) ప్రకారం అని రాయించుకోండి. పిస్టన్ కంప్రెసర్ తీసుకునేవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ చాలామంది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ వేస్తారు, అది సిలిండర్ కొలత మీద లెక్కగట్టిన అంకె, బయటికొచ్చే గాలి దానికన్నా బాగా తక్కువ.

రెండోది డ్యూ పాయింట్. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ముంచింది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

వేరే పార్టీ డ్రయ్యర్‌కి "ప్లస్ 3 డిగ్రీలు" అని ఇచ్చింది, వీళ్ళు "మైనస్ 22 డిగ్రీలు" అని ఇచ్చారు. ఎవరికైనా ఏమనిపిస్తుంది? మైనస్ 22 అంటే ఇంకా పొడిగాలి అనే కదా, నేనూ అదే అనుకుని 18 వేలు ఎక్కువ పెట్టి మరీ వీళ్ళకి ఆర్డర్ ఇచ్చాను. తర్వాత తెలిసిందేమిటంటే రెండూ ఇంచుమించు ఒకటే. ప్లస్ 3 అన్నది ప్రెషర్ డ్యూ పాయింట్, అంటే పైపులో 7 బార్ మీద ఉన్న గాలిలో ఏ చల్లదనం దగ్గర నీళ్ళు కట్టడం మొదలవుతుందో ఆ లెక్క. అదే గాలిని బయటికి వదిలేస్తే ఎనిమిది రెట్లు వ్యాపించి తేమ పలుచనవుతుంది, అప్పుడు చూస్తే మైనస్ 20 దాటి వస్తుంది, దాన్ని అట్మాస్ఫెరిక్ డ్యూ పాయింట్ అంటారు. ఆ ఒక్క మాట ముందు రాయకుండా వదిలేశాడు, అంతే. రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా ఉండాలి కాబట్టి ప్రెషర్ డ్యూ పాయింట్ సున్నా కిందికి దిగదు. నిజంగా మైనస్ 40 లాంటిది కావాలంటే డెసికెంట్ డ్రయ్యర్ (తేమను పీల్చే గుళికలు ఉండేది), దాని ఖర్చు వేరే. సార్టెక్స్‌కి అంత అవసరం లేదు, ప్లస్ 3 చాలు. కానీ ఆ ప్లస్ 3 నిజంగా రావాలి కదా.

మాకది రాలేదు. ఎందుకంటే డ్రయ్యర్ మీద "100 సీఎఫ్ఎం" అని ఉన్నా, దాని బుక్కులో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో లోపలికొచ్చే గాలి 35 డిగ్రీలు, గది 25 డిగ్రీలు అని ఉంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గది 25 డిగ్రీలా? ఉప్పుడు ట్యాంకుల ఆవిరి ఒక పక్క, బాయిలర్ ఇంకో పక్క, పైన రేకులు, మా కంప్రెసర్ రూమ్‌లో మధ్యాహ్నం 44 చూశాను. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి గది వేడి కన్నా కనీసం ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, అంటే డ్రయ్యర్‌లోకి 50 దాటి పోతోంది. 35 డిగ్రీల గాలి నిండా తేమ పడితే క్యూబిక్ మీటరుకు 40 గ్రాముల నీళ్ళు మోస్తుంది, 50 డిగ్రీల గాలి 83 గ్రాములు మోస్తుంది, రెట్టింపు! నీళ్ళు రెట్టింపు, పైగా వేడి గదిలో డ్రయ్యర్ కండెన్సర్ తన వేడినే బయటికి తోయలేక చస్తుంటుంది. వేడిని బట్టి డ్రయ్యర్ కెపాసిటీ ఎంత తగ్గుతుందో చెప్పే కరెక్షన్ ఫ్యాక్టర్ టేబుల్ అని ప్రతి డ్రయ్యర్ కంపెనీ దగ్గరా ఉంటుంది, అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. మా వేడికి లెక్క కడితే 100 సీఎఫ్ఎం డ్రయ్యర్ కాస్తా 45కి వచ్చింది, పంపుతున్న గాలి 74.

లీటర్లలో చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ వేడిలో డ్రయ్యర్‌లోకి వెళ్ళే గాలిలో గంటకు లీటరు పైనే నీళ్ళు ఆవిరిగా ఉంటాయి, 20 గంటలు నడిపితే ఒక వాటర్ క్యాన్ నిండి పొర్లుతుంది. అందులో డ్రయ్యర్ పట్టుకోలేనిది పైపులో చల్లబడిన చోటల్లా నీళ్ళుగా మారి సార్టర్‌లోకి పోతుంది. మరి డ్రయ్యర్ ప్యానల్ మీద పచ్చ లైటు, 4 డిగ్రీలు అని రోజూ చూపించేది కదా అంటారా, మా దాంట్లో ఆ సెన్సార్ ఉన్నది లోపల చల్లబరిచే గ్యాస్ తిరిగే పైపు మీద. అది గ్యాస్ ఎంత చల్లగా ఉందో చెప్తుంది, గాలి ఎంత పొడిగా ఉందో కాదు. ఇది తెలిసిన రోజు నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

మూడోది "ఆయిల్ ఫ్రీ ఎయిర్". కొటేషన్ హెడ్డింగే "కంప్లీట్ ఆయిల్ ఫ్రీ ఎయిర్ సొల్యూషన్" అని. ఆయిల్ ఫ్రీ ఎయిర్ వేరు, ఆయిల్ ఫ్రీ కంప్రెసర్ వేరు. మాకు వచ్చింది మామూలు ఆయిల్ ఇంజెక్టెడ్ స్క్రూ, అంటే లోపల గాలితో పాటు నూనె కూడా తిరిగేది. నూనెను వేరుచేసే సెపరేటర్ దాటాక కూడా 3 పీపీఎం (పది లక్షల్లో 3 వంతులు) నూనె గాలిలో పోతుందని బుక్కులోనే ఉంది. 3 అంటే ఎంతలే అనుకుంటాం, మా గాలి లెక్కకు నెలకు పావుకిలో పైనే. ఫిల్టర్లు దాన్ని పట్టుకోవాలి. ఆ పద్ధతి తప్పు కాదు, మిల్లులన్నీ అలాగే నడుస్తాయి, కానీ ఇక మొత్తం భారం ఫిల్టర్ల మీదే.

ఆ ఫిల్టర్ల సంగతి చూస్తే "0.01 మైక్రాన్" అని గొప్పగా రాశాడు. ఎంత శాతం పట్టుకుంటుందో లేదు, మిగిలే నూనె ఎంతో లేదు, ఎంత వేడి దగ్గరో లేదు. నూనె బిందువుల్ని పట్టే ఫిల్టర్ నూనె ఆవిరిని పట్టదు, నీటి ఆవిరిని అసలే పట్టదు, గాలి వేడిగా ఉంటే ఆవిరయ్యే నూనె పెరుగుతుంది. దాని కోసం చివర్లో కార్బన్ ఫిల్టర్ పెడతారు, కానీ కార్బన్ మీద నీళ్ళు, నూనె చుక్కలు పడితే అది పాడైపోయినట్టే, మాది మొదటి నెలలోనే పోయి ఉంటుంది. ఇంకో విషయం, మా మధ్య ఫిల్టర్ హౌసింగ్ మీద బాణం గుర్తు ఒకవైపు, గాలి వెళ్ళేది ఇంకోవైపు. తిప్పి బిగించారు! నూనె బిందువుల్ని పట్టే ఈ కోయలెసింగ్ ఎలిమెంట్‌లో గాలి లోపలి నుంచి బయటికి వెళ్ళాలి. ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు, వాణ్ణి అనలేను. మీవి ఇప్పుడే వెళ్ళి చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఆటో డ్రెయిన్ (చేరిన నీళ్ళని దానంతటదే బయటికి వదిలేది) గురించి ఒక్క మాట. ఫ్లోట్ రకం మన తవుడు దుమ్ముకి, నూనె జిడ్డుకి ఇరుక్కుపోతుంది. టైమర్ రకమైనా సరే రోజుకోసారి చేత్తో వాల్వు తిప్పి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి.

అన్నిటికన్నా తెలివైన లైను చివర్లో ఉంది, "ఎయిర్ క్వాలిటీ: ఐఎస్ఓ 8573 క్లాస్ 1". వినడానికి ఫస్ట్ క్లాసు లాగే ఉంది కదా. ఆ స్టాండర్డ్ 8573-1లో క్లాస్ అనేది ఒక్క అంకె కాదు, వరుసగా మూడు అంకెలు, దుమ్ముకి ఒకటి, నీళ్ళకి ఒకటి, నూనెకి ఒకటి. మనకు కావలసింది 1.4.1 లాంటిది. మధ్యలో ఉన్న 4 అంటే ప్రెషర్ డ్యూ పాయింట్ ప్లస్ 3 లేదా అంతకన్నా తక్కువ, చివరి 1 అంటే క్యూబిక్ మీటరులో నూనె 0.01 మిల్లీగ్రాము మించకూడదు. వాడు ఇచ్చిన "క్లాస్ 1" దుమ్ముకి మాత్రమే అని తర్వాత ఫోన్లో తాపీగా చెప్పాడు.

కాబట్టి మీరు అడగాల్సింది ఇంతే, "మా సార్టర్ ఇన్‌లెట్ దగ్గర, మే నెల మధ్యాహ్నం, గది 45, గాలి 55 ఉన్నప్పుడు, 1.4.1 వస్తుందని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి". నేను ఈమధ్య నలుగురిని అడిగాను. ఇద్దరు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు, ఒకాయన "అంత అవసరం లేదు అన్నా" అన్నాడు, ఒకాయన మాత్రం మిల్లుకి వచ్చి థర్మామీటర్ పెట్టి చూసుకుని, తను ముందు అనుకున్న డ్రయ్యర్ చాలదని చెప్పి, పెద్దదానికి రేటు ఇచ్చాడు. 52 వేలు ఎక్కువ చెప్పాడు, ఆయనకే ఇచ్చాను.

ఇప్పటికి చేసుకున్నవి, కంప్రెసర్ రూమ్‌ని ఆవిరి వైపు నుంచి ఉత్తరం పక్కకి మార్చాం, వేడిగాలి బయటికి పోవడానికి డక్ట్ పెట్టాం, ట్యాంకుని డ్రయ్యర్‌కి ముందుకు తెచ్చాం, దాంతో గాలి కొంత చల్లబడి సగం నీళ్ళు ట్యాంకులోనే దిగుతున్నాయి. ప్రెషర్ కూడా 9 నుంచి 7కి దించాం. ఒక్క బార్ తగ్గితే కరెంటు 6, 7 శాతం తగ్గుతుందంటారు, బిల్లులో ఆ తేడా కనిపిస్తోంది. పాత పార్టీ చాలా గొడవ తర్వాత డ్రయ్యర్ వెనక్కి తీసుకుని సగం డబ్బులు ఇచ్చాడు, ఎజెక్టర్ల ఖర్చు సంగతి ఎత్తితే మాత్రం వినబడనట్టే ఉంటాడు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఎవరికైనా కొటేషన్ చేతిలో ఉంటే ఫొటో తీసి పంపండి, నాకు అర్థమైనంత వరకు చూసి చెప్తాను. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు మాత్రం వద్దు, లోడింగ్ టైం.