సుగామాడెక్స్ 2 మి.లీ. వయల్: పని భేష్, కానీ పేషెంట్ మందుల చీటీ చూశాకే

ఆపరేషన్‌లో కండరాలు కదలకుండా ఇచ్చే రోక్యురోనియం ప్రభావం దిగాలంటే, అదే పనికి వాడే నియోస్టిగ్మిన్ సుగామాడెక్స్‌కి సాటి రాదు. టీఓఎఫ్‌లో (నరానికి వరుసగా నాలుగు చిన్న కరెంటు పోట్లు ఇచ్చి కండరం కదలిక చూసే పరీక్ష) రెండో కదలిక వచ్చాక కిలోకి 2 మి.గ్రా., బ్లాక్ (కండరాలు కదలని స్థితి) లోతుగా ఉంటే 4. వయల్‌లో ఉండేది 200 మి.గ్రా.; అరవై కిలోల మనిషికి కిలోకి 2 మి.గ్రా. లెక్కన 1.2 మి.లీ. చాలు. కండరాలు కదలకుండా ఇచ్చే మరో మందు అట్రాక్యురియం మీద మాత్రం బొత్తిగా పనిచేయదు, ఆ కేసులో వయల్ విప్పడం డబ్బు దండగ.

ఇబ్బందంతా పక్కమందులతోనే. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, మెగ్నీషియం సల్ఫేట్ బ్లాక్‌ని పెంచుతాయి. రికవరీ గదిలో మెగ్నీషియం ఎక్కిస్తే, తేరుకున్న మనిషి మళ్లీ నీరసపడొచ్చు. టీఓఎఫ్ నిష్పత్తి (మొదటి కదలికతో పోలిస్తే నాలుగోది ఎంత ఉందో) 0.9 దాటిందని మీటర్ చూపినా కాసేపు కనిపెట్టుకునే ఉండాలి. మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ చాలాకాలంగా వాడేవాళ్లలో సంగతి తిరగబడుతుంది: రోక్యురోనియం త్వరగా దిగిపోతుంది, సర్జరీ మధ్యలో కదులుతారు.

చెన్నైకి నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చే ఆడవాళ్లను "పిల్లలు పుట్టకుండా మాత్రలేమైనా వేసుకుంటున్నావా అమ్మా?" అని తెలుగులోనే, పక్కన మగవాళ్లు లేనప్పుడు అడగాలి. ఈ ఇంజెక్షన్ ఆ మాత్రల్లోని హార్మోన్‌ని కూడా పట్టేస్తుంది. తర్వాత 7 రోజులు కండోమ్ లాంటి వేరే జాగ్రత్త కావాలి. డిశ్చార్జ్ కాగితంలో ఇది రాయనివాళ్లే ఎక్కువ.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు సిఫారసు లేదు. వాంతులు ఆగడానికిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చిన లైన్‌లోనే వేస్తుంటే ముందు సెలైన్‌తో కడగండి, రెండూ కలిస్తే పొసగవు.