ఏసీ రిమోట్‌కి 500: మా అరకు వేసవి

మే నెలలో రాజమండ్రిలో ఉండేవాళ్లని ఊరెందుకు వెళ్తున్నారని ఎవరూ అడగరు. పొద్దున పది దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు, ట్యాంకు నీళ్లు చేతి మీద పోసుకుంటే చురుక్కుమంటాయి. నేను మార్చి నుంచే అరకు అరకు అని జపం మొదలుపెట్టాను. మా ఆయన "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే విస్టాడోమ్ టికెట్లు అయిపోయాక చూద్దాం అని అర్థం. అలాగే అయింది. అద్దాల పైకప్పు పెట్టెలో కూర్చుని కొండలు చూద్దామనుకున్నదాన్ని, మామూలు పెట్టెలో కిటికీ ఊచలు పట్టుకుని చూశాను.

దానికి తోడు ఆవకాయ. జాడీకెత్తిన మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె సరిపోయిందో లేదో తేల్చుకునేదాకా మా అత్తయ్య గడప దాటరు. అలా మా ప్రయాణం తేదీ మామిడికాయలే ఖాయం చేశాయి. బయల్దేరే పూట ఆవిడ కొత్త ఆవకాయ ఒక హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండ్లు వేసి నా బ్యాగులో దూర్చారు. బట్టలకి నూనె అంటుతుందని నేను గొణిగాను. ఈ సీసా సంగతి గుర్తుపెట్టుకోండి.

రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విశాఖ. అక్కణ్ణుంచి కిరండోల్ పాసింజరు ఏడు లోపే బయల్దేరుతుంది, సెలవుల్లో అయితే ఐదున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉండాలి, లేకపోతే అరకుదాకా నిలబడే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసిన లైన్ ఇది, జపాన్‌కి ఎగుమతి చేయడానికని. మనలాంటి వాళ్లు కిటికీలోంచి తలపెట్టి ఆహా అనుకోవడం దానికి కొసరు. మొత్తం 58 సొరంగాలట. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే మావాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, పంతొమ్మిదో సొరంగంలో పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలేస్తుంటే వాడూ కేకేసి లెక్క మర్చిపోయాడు. చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ ముఖానికి తగిలే గాలి మారిపోతూ ఉంటుంది. ఏసీ పెట్టెలో అద్దాలు తెరుచుకోవు కదా, ఇది దక్కేది కాదు. ఇలా అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను.

నా సలహా ఏంటంటే అరకుదాకా రైల్లో వెళ్లకండి, బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి. గుహలు చూసుకుని అక్కణ్ణుంచి జీపులో గాలికొండ వ్యూ పాయింటు, అనంతగిరి కాఫీ తోటలు చూస్తూ అరకు చేరొచ్చు. మాకు జీపు వాడు 2,500 అడిగాడు, 1,800కి ఒప్పుకున్నాడు. బేరం చేసింది అత్తయ్యే, మా ఆయన పక్కకి తిరిగి కొండలు చూస్తున్నారు. గుహల్లో చల్లదనం నిజంగా చల్లదనం, సున్నపురాతి గోడలు తడితడిగా ఉంటాయి, పైనుంచి చుక్క మెడ మీద పడితే ఒళ్లు ఝల్లుమంటుంది. కానీ మెట్లు చాలా ఉన్నాయి. అత్తయ్య సగం దిగి మెట్టు మీద కూర్చుండిపోయారు, మీరెళ్లి రండి, ఇక్కడ ఎండ లేదు నాకది చాలు అన్నారు. బయట కోతులతో జాగ్రత్త, మావాడి చిప్స్ ప్యాకెట్ మూడు సెకన్లలో పోయింది.

కాఫీ తోట దగ్గర 30 రూపాయల కాఫీ బాగుంది. పెద్దపెద్ద చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని, ఆ నీడలో కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని బోర్డు చదివి చెప్తే, అత్తయ్య గుర్తింపు సరేగానీ పంచదార ఎక్కువైంది అన్నారు.

ఇక లాడ్జి.

ఫోన్‌లో బుక్ చేసుకున్నాం. గది 3,200, "వ్యాలీ వ్యూ", 24 గంటల చెకవుట్ అని చెప్పారు, వెయ్యి అడ్వాన్సు పంపాం. మూడింటికి చేరాం. గది పై అంతస్తులో. తలుపు తీయగానే లోపలి వేడి మా మీదకి వచ్చింది, ఎందుకంటే ఆ అంతస్తు తర్వాతెప్పుడో కట్టారు, పైన రేకులు, కింద తెల్లటి ఫాల్స్ సీలింగు. ఫొటోల్లో ఆ సీలింగే కనిపిస్తుంది. కిటికీ తెరిస్తే ఎదురుగా నల్లటి నీళ్ల ట్యాంకు, దాని పక్కన పక్క హోటల్ వంటింటి పొగగొట్టం. వ్యాలీ ఎక్కడ బాబూ అంటే ఆ కుర్రాడు కాళ్లు మునివేళ్ల మీద లేపి, ట్యాంకు పక్కనుంచి చెయ్యి చూపించి, "అదుగో మేడం, ఆ పచ్చగా కనపడేది" అన్నాడు.

సరే, ఏసీ వేద్దామంటే రిమోట్ లేదు. కింద కౌంటర్లో ఉంటుంది, రోజుకి 500 కడితే ఇస్తారు. గదికి కట్టిన 3,200లో ఏసీ ఉందిగా అంటే, ఏసీ ఉంది మేడం, రిమోటే సెపరేటు, సీజన్ కదా అన్నాడు. చల్లదనం కోసం ఇంత దూరం కొండెక్కి వచ్చి, చల్లదనానికి మళ్లీ అద్దె. మా ఆయన ఒక్క మాట అనకుండా 500 తీసిచ్చారు. ఆయనకి గొడవంటే టెన్షన్. ఏడింటికి కరెంటు పోయింది, జనరేటర్ మీద ఫ్యాన్లే తిరుగుతాయి, ఏసీ తిరగదు. ఆ రాత్రి నేను దుప్పటి తడిపి కప్పుకున్నాను, మా ఇంట్లో కూడా ఎప్పుడూ చేయని పని. దుప్పటికి అంతకుముందే ఎవరిదో తలనూనె వాసన.

పొద్దున తొమ్మిదికి తలుపు బాదారు, చెకవుట్ టైమ్ అని. 24 గంటలన్నారుగా అంటే అది ఆఫ్ సీజన్ రూల్ అట. అప్పుడు లేచారు అత్తయ్య. మోకాళ్ల నొప్పులతో గుహలో సగం మెట్లు దిగలేని మనిషి రెండంతస్తులు దిగి, కౌంటర్ మీద రిమోట్ పెట్టి, "బాబూ, ఇది రాత్రి ఏడింటి నుంచి పని చెయ్యలేదు, నేను పట్టుకుని పడుకున్నానంతే. పట్టుకున్నందుకు ఎంతవుతుందో అంత ఉంచుకుని మిగతావి ఇచ్చెయ్" అన్నారు, అరవకుండా, కూరగాయల బండి దగ్గర మాట్లాడినట్టు. వెనకాల ఇంకో రెండు కుటుంబాలు రిమోట్లు పట్టుకుని నిలబడ్డాయి. మాకు 300 వెనక్కొచ్చింది. మిగతా వాళ్లకెంత వచ్చిందో చూడకుండానే మా ఆయన ఆటోలో కూర్చున్నారు.

కాబట్టి మేలో అరకు వెళ్లేవాళ్లకి చెప్తున్నాను. ఇదేదో ఊటీ అనుకోకండి. ఎత్తు 900 మీటర్ల పైమాటే, కానీ మధ్యాహ్నం ఎండ ఎండే. సాయంత్రం ఒక జల్లు పడితే అదృష్టం. గది తీసుకునేటప్పుడు వ్యూ గురించి అడక్కండి, పైన స్లాబేనా అని అడగండి, ఏ అంతస్తో అడగండి. ఇంకోటి, వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్. 450 పెట్టి తిన్నాం, లోపల సగం ఉడకలేదు. దాని కోసం మా రాజమండ్రి వాళ్లు ఇంత దూరం రావడమేంటి, దానికి పేరుమోసిన మారేడుమిల్లి పక్కనే పెట్టుకుని. బుద్ధి తక్కువ.

లాడ్జిలోంచి అలా బయటపడి, టిఫిన్ కూడా తినకుండా, ఒకరితో ఒకరు మాట్లాడకుండా చాపరాయి జలపాతం దారిలో వెళ్తున్నాం. మావాడు ఆకలన్నాడు. రోడ్డు పక్కన ఒక పాక, ముందు చింతచెట్టు, కట్టెల పొయ్యి మీద డేగిసా. ఆపమన్నాం. ఒకావిడ, పక్కన ఆవిడ కూతురు కాబోలు ఆకులు కడుగుతోంది. అన్నం, నాటుకోడి కూర, ప్లేటు 120. కూరలో పెద్దగా మసాలా ఏమీ లేదు, కారం, ఉప్పు, అల్లం, అంతే, కానీ ముక్క ఎముక దగ్గరిదాకా ఉడికి పులుసు వేళ్లకి అంటుకుంటోంది. మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు, పొద్దుటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ఇంకొంచెం".

అత్తయ్య బయట మాంసం ముట్టరు. ఆవిడ పొయ్యి పక్కన కుండ చూసి, ఏమ్మా అందులో ఏంటి అని అడిగారు. చోడి అంబలి, అదే రాగి అంబలి. ఒక గ్లాసు పోయించుకుని, నన్ను బ్యాగు తెమ్మన్నారు. రబ్బరు బ్యాండ్లు విప్పి, కవరు విప్పి, హార్లిక్స్ సీసాలోంచి ఒక ముక్క తీసి అంబలిలో నంజుకున్నారు. ఆ పాక ఆవిడ చూస్తూ ఉంటే ఆవిడకీ ఆకులో ఒక ముక్క, కాస్త ఊట వేసి ఇచ్చారు. ఆవిడ నాకి, కళ్లలో నీళ్లు తిరిగి, నవ్వి, కూతురిని పిలిచి దానికీ పెట్టింది. తర్వాత ఇద్దరూ కూర్చుని మిరియాలు ఎండబెట్టడం గురించీ ఆవపిండి గురించీ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. చింతచెట్టు కింద గాలి వస్తూనే ఉంది. చాపరాయిలో నీళ్లు తక్కువగా ఉంటాయి ఈ నెలలో, వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే అని ఆవిడే చెప్పింది. వెళ్లలేదు. అంబలికి డబ్బులు తీసుకోలేదు, పైగా గుప్పెడు మిరియాలు కాగితంలో కట్టి ఇచ్చింది. సీసా ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

తిరుగు రైలు గురించి చెప్పడానికేం లేదు, నిద్రపోయాం.

ఇంటికొచ్చాక రాత్రి డాబా మీద రెండు బకెట్ల నీళ్లు చల్లి, ఆవిరి పోయాక మడత మంచాలు వేసుకున్నాం. పదకొండు దాటాక గోదావరి వైపు నుంచి గాలి తిరిగింది. లెక్క రాసుకుంటే నలుగురికి మొత్తం 11,640 అయింది. పక్క డాబా మీది పిన్నిగారు అరకు ఎలా ఉంది అని అడిగితే అత్తయ్య గుహల గురించి చెప్పలేదు, రైలు గురించి చెప్పలేదు, మిరియాల పొట్లం తెచ్చి పిట్టగోడ మీద విప్పారు.

ఇంతలో మా ఆయన ఫోన్ చూస్తూ, వానలు పడ్డాక మారేడుమిల్లి వెళ్దామా, ఏదో మంచి కాటేజీ కనపడుతోంది, పచ్చగా భలే ఉంది అన్నారు. చీకట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"పైన రేకులా, స్లాబా?"