ఫ్రాన్ బో: నా మాటంతా ఆ మాత్రల సీసా గురించే

కథ బాగుంది, బొమ్మలు బాగున్నాయి, నల్లపిల్లి మిస్టర్ మిడ్‌నైట్ అందరికీ ఇష్టమే. 2015లో వచ్చిన ఈ కంప్యూటర్ గేమ్ గురించి అవన్నీ మళ్లీ చెప్పక్కర్లేదు. కడపలో మెడికల్ షాపు కౌంటర్లో కూర్చునేదాన్ని కాబట్టి నా కన్ను మొదట మాత్రల సీసా మీద పడింది. ఇన్నేళ్లుగా ఆడుతున్నా అక్కణ్ణుంచి కదల్లేదు.

తెలియనివాళ్లకు ఒక్క ముక్క. అమ్మానాన్నలు హత్యకు గురైన ఫ్రాన్ అనే పదేళ్ల పిల్లని ఓస్వాల్డ్ అనే పిచ్చాసుపత్రిలో పెడతారు. డ్యూయోటిన్ అనే ఎర్ర మాత్రలు ఇస్తారు. సీసా మీద క్లిక్ చేస్తే ఫ్రాన్ ఒకటి మింగుతుంది, నిలబడ్డ గది నిలబడ్డట్టే మారిపోతుంది. అదే మంచం, అదే తలుపు, కానీ ఎటు చూసినా నెత్తురు. మళ్లీ నొక్కితే మామూలు గది.

మిగతా భయం గేమ్‌లు చాలావరకు చీకట్లోంచి ఏదో ఒకటి మీదికి దూకించి, పెద్ద శబ్దం పెట్టి ఉలిక్కిపడేలా చేస్తాయి. ఇందులో సీసా మన చేతిలోనే ఉంటుంది. కావాల్సిన ఆధారం నెత్తురు గదిలోనే దొరుకుతుంది కాబట్టి, వద్దనుకుంటూనే మనమే నొక్కాలి. మా తమ్ముడు పక్కన కూర్చుని "అక్కా, ఇంగొకసారి మాత్ర ఏయి, ఆ మూల చూడల్ల" అంటాడు. నాకేమో వేలు మౌస్ మీద ఆగిపోతుంది.

ఆసుపత్రిలో పిల్లలున్న చోట ఇది ఎక్కడికో వెళ్లిపోయింది. మామూలుగా చూస్తే పిల్లలు తమ పాటికి తాము ఉంటారు. మాత్ర వేశాక వాళ్ల వెనకాల నల్లటి ఆకారాలు నిలబడి కనిపిస్తాయి. ఆ పసివాళ్లు ఏం మోస్తున్నారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అసలు దెబ్బ మళ్లీ మామూలు గదికి వచ్చినప్పుడు తగులుతుంది. ఆకారాలు పోతాయి, పిల్లల మొహాలు ఇందాకటిలాగే ఉంటాయి. ఇక వాళ్లను ఇందాకటిలా చూడలేం. ఒక్క క్లిక్‌తో ఇంత చెప్పిన గేమ్ నేను ఇంకోటి ఆడలేదు.

ఆ తర్వాత ఒకరోజు షాపుకి ఒక పెద్దావిడ కొడుకు చీటీ పట్టుకుని వచ్చింది. డాక్టరు నెలకు రాస్తే, పది రోజులకు చాలంది. "ఇవి ఏసుకుంటాంటేనే వానికి ఏందేందో కనపడతాండాయమ్మీ. మానిపిస్తే సరిపోతాది గదా" అంది. ఎప్పట్నుంచి కనపడుతున్నాయి పెద్దమ్మా అని అడిగా. ఉగాది నుంచీ అంది. చీటీ మీద తేదీ చూపించా, ఉగాది పోయి చాలా రోజులైంది. మాత్రలు మొదలుకాక ముందు నుంచే ఉందన్నమాట, అందుకే కదా డాక్టరు దగ్గరికి పోయింది. తగ్గించినా ఆపినా డాక్టరే చెప్పాలి, ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుందని చెప్పి నెలకు సరిపడా ఇచ్చి పంపించా.

ఆ రాత్రి గేమ్ తెరిస్తే సీసా నొక్కబుద్ధి కాలేదు. ఆమె భయపడిందే ఇక్కడ నిజం: మాత్ర వేస్తే దయ్యాలు వస్తాయి, వేయకపోతే గది శుభ్రంగా ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే కథ జరిగేది 1944లో. మతిస్థిమితం తప్పినవాళ్లకు ఇప్పుడు మేం ఇచ్చే మాత్రలేవీ అప్పటికి లేవు. ఆ రకంలో మొదటిదైన క్లోర్‌ప్రోమజిన్ మానసిక రోగులకు వాడటం మొదలైంది 1952లో. అంతకుముందు ఇన్సులిన్‌తో కోమాలోకి పంపడం, కరెంటు షాకులు, మెదడుకు ఆపరేషన్లు. కాబట్టి డ్యూయోటిన్‌కీ మా షాపు అరలో ఉన్న స్ట్రిప్పులకీ సంబంధమే లేదు. తమ్ముడికి ఇది కూర్చోబెట్టి చెప్పా. ఇంట్లో ఎవరో అలాంటి మాత్రలు వాడుతుండగా ఈ గేమ్ ఆడే కుర్రాడికి ఎవరు చెబుతారు?

గేమంతా ఇదే పట్టుతో ఉంటుందని కూడా అనుకోవద్దు. మొదటి రెండు చాప్టర్లకు నా మెచ్చుకోలు అలాగే ఉంది. మూడోదాంట్లో ఇథెర్స్టా లోకానికి వెళ్లాక మాత్రల బదులు రుతువులు మార్చే గడియారం వస్తుంది. ఎండాకాలం, మంచు, పూలు, రాలిన ఆకులు చూడటానికి ఎంతో బాగుంటాయి. లోకం మారడం అదే, భయం మాత్రం లేదు. మధ్యలో వచ్చే చిన్న ఆటలు నాకు విసుగు. ముగింపులో ఏది నిజమో తేల్చరు. మొదట్లో కోపమొచ్చేది, ఇప్పుడు అలాగే బాగుందనిపిస్తోంది.

పాత లాప్‌టాప్‌లో కూడా ఆడుతుంది, ఫోన్‌లోనూ ఉంది. ఇంగ్లీషు మాటలు చాలా చదవాలి. బొమ్మలు పిల్లల పుస్తకంలో ఉన్నట్టు ఉన్నాయని చిన్నపిల్లలకు ఇవ్వకండి, నెత్తురు చాలా ఉంది. పెద్దవాళ్లయితే కొనుక్కోమనే చెబుతా. ఇంట్లో మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లుంటే మాత్రం ముందు పైన రాసిన 1952 సంగతి చదివి అప్పుడు మొదలుపెట్టండి. రోజంతా మాత్రలు లెక్కపెట్టే ఉద్యోగం కాకపోతే నాకు ఇంత పట్టింపు ఉండేది కాదేమో, మీకు ఉండకపోవచ్చు.