ఫోల్డ్‌స్కోప్: ఏడో తరగతి సైన్స్ టీచరుగా నా అనుభవం

పరిశీలనకూ, చూసినదాన్ని బట్టి ఊహించే అనుమితికీ తేడా నేర్పడం నాకు ఏటా కష్టంగానే ఉండేది. నిర్వచనాలు బోర్డు మీద రాస్తే పిల్లలు చక్కగా అప్పజెబుతారు. మర్నాడు వాడిన మొక్కను చూపించి ఏం చూశారని అడిగితే మాత్రం, ‘నీళ్ళు పోయలేదు టీచర్’ అంటారు. వాళ్ళు చూసింది వాలిన ఆకులనే!

ఈ ఏడాది పన్నెండు ఫోల్డ్‌స్కోప్‌లు తెప్పించాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ రూపొందించిన, మడిచి తయారుచేసుకునే కాగితపు సూక్ష్మదర్శిని ఇది. దాని వివరాలు 2014లో ప్రచురించారు. పూసంత కటకం వస్తువును దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించుకుంటే చాలు.

చెరువు నీటి చుక్కలో పారమీషియం అనే ఏకకణ జీవి దొరికింది. ఒక అమ్మాయి ‘పురుగు భయపడి పారిపోతోంది’ అని రాసింది. ‘భయం ఎక్కడ కనిపించిందమ్మా?’ అన్నాను. మళ్ళీ కన్ను పెట్టి చాలాసేపు చూసింది. ఆ వాక్యం కొట్టేసి, ‘నాచుకు తగిలింది. వెనక్కి జరిగింది. కొంచెం పక్కకు తిరిగి మళ్ళీ ముందుకు వెళ్ళింది’ అని రాసింది. ఇన్నేళ్ళ నా పాఠాలు చేయలేని పని ఆ మూడు వాక్యాల్లో జరిగింది.

నోటుపుస్తకంలో ‘చూసింది’, ‘అనుకున్నది’ అని రెండు గళ్ళు గీయించాను. రెండో గడిలో రాస్తే తప్పేమోనని పిల్లలు జంకారు. పొగను చూసి కొండమీద నిప్పుందనడం తప్పు కాదు కదా! మన తర్కశాస్త్రంలో ‘అనుమానం’ అంటే సందేహం కాదు, ఇదే. అయితే దానికి ఆధారం మొదటి గడిలో ఉండాలి. ‘నాచు అడ్డు వచ్చింది కాబట్టి తిరిగింది’ అని ఒకడు రాస్తే, అడ్డు లేనిచోట కూడా తిరుగుతుందేమో చూద్దామని పక్కవాడు అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇబ్బందులూ ఉన్నాయి. మడతలు పెట్టడానికే ఒక పీరియడ్ పూర్తిగా పట్టింది. నాకు అమ్మినవారు పంపిన పెట్టెలో రెండింటికి అయస్కాంతాలు లేవు, మార్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఒకసారి ఒక్కరే చూడగలరు, ఈలోగా చుక్క ఆరిపోతుంది. అయస్కాంతంతో ఫోను కెమెరాకు అతికిస్తే అందరూ చూడవచ్చు. కానీ ఆ పని చివర్లో చేయండి. ముందు ప్రతి విద్యార్థీ స్వయంగా చూసి రాయాలి, తర్వాత అందరూ పోల్చుకోవాలి.

కొనే టీచర్లు ముగ్గురు పిల్లలకు ఒకటి లెక్కన తీసుకోండి. అంతకన్నా తక్కువ తెప్పిస్తే ఎదురుచూసేవాళ్ళు మరీ ఎక్కువవుతారు.