బీఎల్‌డీసీ ఫ్యాన్: కొన్ని ఎండాకాలాలు వాడాక నా సమీక్ష

మా ఇంట్లో హాల్లో రెండు, పడగ్గదుల్లో ఒక్కొక్కటి చొప్పున బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొన్నేళ్ళుగా తిరుగుతున్నాయి. అంటే బ్రష్‌లెస్ డీసీ అనే రకం మోటారుతో, తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాన్లు. వీటి గురించి అందరూ అడిగేది ఒకటే: కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా? తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది ఆ ఫ్యాన్ రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. కానీ వాడాక నాకు బిల్లు కంటే ఎక్కువ నచ్చినవి వేరే ఉన్నాయి.

ముందు లెక్క చూద్దాం. మామూలు 48 ఇంచీల సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా తీసుకుంటుంది. అదే సైజు బీఎల్‌డీసీకి 30 వాట్లు, కాస్త అటూ ఇటూగా సరిపోతాయి. తేడా 45 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. మన బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కాబట్టి ఆ మిగులు ఎప్పుడూ పైనున్న ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతుంది. తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇళ్ళకి 200 యూనిట్ల హద్దు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ హద్దు దగ్గర కొట్టుమిట్టాడే ఇంట్లో మూడు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్లు తగ్గడం చాలా పెద్ద విషయం.

అంత తేడా మోటారులోనే ఉంది. మామూలు ఫ్యాన్‌లో ఇండక్షన్ మోటారు ఉంటుంది. తిరిగే భాగానికి సొంతంగా అయస్కాంత శక్తి ఉండదు. లోపలి వైండింగ్‌లో పారే కరెంటే ఆ భాగంలో కూడా కరెంటు పుట్టించి, దాన్ని అయస్కాంతంగా చేసి తిప్పాలి. ఆ క్రమంలో బోలెడు కరెంటు వేడిగా పోతుంది. బీఎల్‌డీసీలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలే బిగించి ఉంటాయి. చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి, వైండింగ్‌కి ఏ క్షణంలో ఎక్కడ అందాలో అక్కడ అందిస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లో, కంప్యూటర్ లోపలి బుల్లి ఫ్యాన్‌లో ఉండేది ఈ రకం మోటారే. తేడా చేత్తోనే తెలుస్తుంది. రాత్రంతా తిరిగిన ఫ్యాన్‌ని పొద్దున్నే ఆపి, స్టూలెక్కి రెక్కల మీది దుమ్ము తుడిచేటప్పుడు మోటారు డిప్ప మీద చెయ్యి వేసి చూడండి. పాతదైతే చురుక్కుమంటుంది. దీనిది గోరువెచ్చగా ఉంటుందంతే.

నాకు బాగా నచ్చింది తక్కువ స్పీడులో దీని తీరు. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే గాలిని తోయడానికి కావలసిన శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పాతకాలపు డబ్బా రెగ్యులేటర్‌తో ఈ లాభం మనదాకా వచ్చేది కాదు, మిగలాల్సిన కరెంటు చాలావరకు ఆ డబ్బా వేడెక్కడానికే సరిపోయేది. బీఎల్‌డీసీలో స్పీడు తగ్గించినంతా ఆదా అవుతుంది. తెల్లవారుజామున చలివేసి రెండులో పెట్టుకుంటే అది తీసుకునేది ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తీసుకున్నంతే.

వోల్టేజీ సంగతి ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఇంకా ముఖ్యం. సాయంత్రం అందరిళ్ళలో మోటార్లు, కూలర్లు ఆన్ కాగానే వోల్టేజీ పడిపోయి పాత ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. బీఎల్‌డీసీ బోర్డు తక్కువ వోల్టేజీని సర్దుకుని స్పీడు అంతే ఉంచుతుంది. ఇన్వర్టర్ మీద పెట్టినా పాత ఫ్యాన్లలో వచ్చే ఆ 'జుంయ్' మనే మోత రాదు. మూడు పాత ఫ్యాన్లకి 225 వాట్లు కావాలి, ఇవి మూడూ 90 వాట్లతో తిరుగుతాయి. అంటే అదే బ్యాటరీ రెండింతలకి పైగా నిలుస్తుంది. కరెంటు పోయిన మే నెల రాత్రి పిల్లలు, పెద్దవాళ్ళు నిద్ర లేవకుండా తెల్లారడం నాకు బిల్లులో మిగిలే డబ్బు కంటే గొప్పగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఏ ఫ్యాన్ అయినా గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటిని అంటుకుని ఉన్న వేడి, తడి గాలిని తోసేసి చెమట ఆరేలా చేస్తుంది, ఆ ఆరడంలోనే చల్లదనం ఉంది. మనుషుల్లేని గదిలో ఫ్యాన్ తిరగడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. విశాఖలో, కాకినాడలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి చెమట తొందరగా ఆరదు, అక్కడ ఫ్యాన్ లేకపోతే కూర్చోలేం. రామగుండం లాంటి చోట మే మధ్యాహ్నం గాలి పొడిగా, మండుతూ ఉంటుంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అలాంటప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమో, కూలరో కావాలి. ఎంత ఖరీదైన ఫ్యాన్ కొన్నా ఈ సూత్రం మారదు.

ఇక ఇబ్బందులు. ఒక ఉరుముల వాన రాత్రి తర్వాత మా ఫ్యాన్ ఒకటి కదల్లేదు. పాత ఫ్యాన్ అయితే వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చి పది నిమిషాల్లో తిప్పేస్తాడు. దీనికి బోర్డు పోయింది. బయట దొరకదు, కంపెనీ మనిషే రావాలి. ఆ ఎండలో అతను వచ్చేదాకా టేబుల్ ఫ్యాన్‌తో గడిపాం. వారంటీలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక్క బోర్డుకే బాగా ఖర్చయ్యేది. రిమోట్ కూడా మా అమ్మకి మొదటి నుంచీ చికాకే. చీకట్లో వెతుక్కోవాలి, బటన్లు చిన్నవి. హాల్లో రెండూ ఒకే మోడల్ కావడంతో ఒకటి ఆపబోతే రెండోదీ ఆగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే గోడ స్విచ్చి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే స్పీడు మారే మోడల్ తీసుకోండి. పాత రెగ్యులేటర్ ఉంటే మాత్రం తీయించేయాలి, దాని మీద బీఎల్‌డీసీ నడపకూడదు.

కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూసి మోసపోకండి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి. ఒక్కో వాటుకి ఎంత గాలి ఇస్తుందో చూసి ఆ స్టార్లు ఇస్తారు. లేబుల్ మీద గాలి ఎంతో కూడా నిమిషానికి ఇన్ని ఘనపు మీటర్లని రాసి ఉంటుంది. 48 ఇంచీల ఫ్యాన్‌కి 210 కంటే తగ్గకుండా చూసుకోండి. మోటారుకి ఇచ్చిన వారంటీ బోర్డుకీ ఉందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

పూజగది, వంటగదుల్లో పాత ఫ్యాన్లే ఉంచాం. రోజుకి గంట తిరిగే ఫ్యాన్ మీద నెలకి యూనిటున్నర కూడా మిగలదు, కొత్తదానికి అదనంగా పెట్టే పదిహేను వందలు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. రాత్రంతా తిరిగే పడగ్గది ఫ్యాన్ మాత్రం ముందు మార్చండి.