కడప నుంచి గ్రూపుగా బస్సు మాట్లాడుకునేవారికి హెచ్చరిక: కిలోమీటరు రేటు చూసి అడ్వాన్సు కట్టకండి

పౌర్ణమి వస్తే అరుణాచలం, కార్తికంలో శ్రీశైలం, మాఘంలో పెళ్లిళ్లు. కడపలో ఏడాదికి ఒక్కసారైనా బస్సు మాట్లాడుకోని వీధి ఉండదేమో. ట్రావెల్స్‌కు ఫోను చేయగానే మనవాళ్లు అడిగేది ఒకటే: కిలోమీటరుకు ఎంత? ఆ ప్రశ్నకు వచ్చే జవాబును నమ్మి డబ్బు కట్టవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా వీధివాళ్లం 44 మందిమి అరుణాచలం గిరిప్రదక్షిణకు వెళ్లి, 36,000 రూపాయలకు మాట్లాడుకున్న బస్సుకు 71,200 కట్టి వచ్చాం. కిలోమీటరు రేటు మాత్రం మొదట చెప్పినదే. ఒక్క రూపాయి పెంచలేదు. పెరిగిందంతా మిగతా లెక్కల్లో పెరిగింది.

ఒప్పందం ఇలా జరిగింది. ఏసీ బస్సు, పుష్‌బ్యాక్ సీట్లు, కిలోమీటరుకు 60 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, అంటే తక్కువ తిరిగినా 300కు కట్టాలి. శుక్రవారం రాత్రి 9 గంటలకు కడపలో బయలుదేరి, శనివారం దర్శనం, సాయంత్రం ప్రదక్షిణ ముగించుకుని ఆదివారం తెల్లవారేసరికి ఇంటికి చేరాలి. రాయచోటి, పీలేరు, చిత్తూరు, వేలూరు మీదుగా పోనురాను ఆరువందల కిలోమీటర్ల లోపే. "రెండు రోజులకే కదండీ?" అని అడిగితే "రెండు రోజులే, 36,000 అవుతుంది, టోలు, పార్కింగు మాత్రం మీవి" అని యజమాని వాట్సాప్‌లో రాసి పంపాడు. టోలుతో కలిపి తలా 900 వసూలు చేశాం. అడ్వాన్సుగా 15,000 కట్టాం.

తిరిగి వచ్చాక చేతికిచ్చిన బిల్లులో రోజులు మూడు. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ప్రొద్దుటూరులోని షెడ్డులో బస్సు శుక్రవారం సాయంత్రం కదిలింది కాబట్టి అది ఒక రోజట. ఆదివారం ఉదయం మమ్మల్ని కడపలో దింపి మళ్లీ షెడ్డుకు చేరాలి కాబట్టి అది ఇంకో రోజట. మూడు రోజులకు రోజుకు 300 చొప్పున 900 కిలోమీటర్లు, 54,000 రూపాయలు. బస్సు అంత దూరం తిరగలేదు. బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు మీటరు ఫోటో తీసి పెట్టుకున్నాం. అయినా అది ఎందుకూ పనికిరాలేదు. కనీస కిలోమీటర్ల పద్ధతి ఉన్నచోట మీటరుకన్నా క్యాలెండరే ముఖ్యం.

మీరు గట్టిగా పట్టుబట్టవలసింది ఇక్కడే. రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకా, లేక బస్సు మన దగ్గర బయలుదేరిన గంట నుంచి 24 గంటలా? రెండు పద్ధతులూ ఈ వ్యాపారంలో ఉన్నాయి. 24 గంటల లెక్కయితే మా ప్రయాణం 32 గంటలు, అంటే రెండు రోజులు. క్యాలెండరు లెక్కయితే మూడు. తేడా 18,000 రూపాయలు. రాత్రి భోజనం చేసి బయలుదేరి, తెల్లవారుజామున తిరిగి రావడం మన యాత్రలన్నింటికీ అలవాటు. క్యాలెండరు లెక్కలో నష్టపోయేది సరిగ్గా ఇలాంటి ప్రయాణాలే. రెండో ప్రశ్న: కిలోమీటర్లు, గంటలు మన వీధి నుంచి లెక్కా, షెడ్డు నుంచి లెక్కా? కడపలో ఆఫీసు పెట్టిన ట్రావెల్స్‌కు బస్సు కడపలోనే ఉండాలని లేదు. ప్రొద్దుటూరు నుంచో రాజంపేట నుంచో వస్తే ఆ రాకపోకల దూరం కూడా మన మీదే పడుతుంది.

మిగతా బిల్లు చెబుతాను. తమిళనాడు పర్మిట్ పేరుతో 5,500. డ్రైవర్ల బత్తా ఇద్దరికి మూడు రోజులకు 6,000. టోలు, పార్కింగు కలిపి 3,200. బస్సు నిలిపి ఉన్నప్పుడు ఏసీ వేసినందుకు 2,500. వీటిలో టోలు, పార్కింగు తప్ప ఏ ఒక్కదాని గురించీ ముందు మాట రాలేదు.

పర్మిట్ విషయం వినండి. బస్సుకు ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందని ఫోనులో చెప్పారు. అది నిజమైతే రాష్ట్రం దాటినప్పుడల్లా విడిగా పన్ను కట్టే పని ఉండకూడదు. ఒకసారి రుసుము కట్టి దేశమంతా తిరిగేందుకే కేంద్రం ఆ పర్మిట్ పెట్టింది, 2021లో ఆన్‌లైన్ చేసింది, 2023లో నిబంధనలను మళ్లీ సవరించింది. చిత్తూరు దాటాక సరిహద్దు దగ్గర డ్రైవరు బస్సు ఆపి చాలాసేపు ఫోనులో మాట్లాడాక తెలిసింది, వచ్చిన బస్సుకు మన రాష్ట్రం పర్మిట్ మాత్రమే ఉందని. తాత్కాలిక పర్మిట్ తీసుకుని కదిలారు. వాళ్ల దగ్గర కాగితం లేకపోతే ఆ ఖర్చు మనమెందుకు భరించాలి? పక్క రాష్ట్రానికి వెళ్లేటప్పుడు అడ్వాన్సుకు ముందే బస్సు నంబరు తీసుకోండి, పర్మిట్ ప్రతిని ఫోనుకు పంపమనండి. టూరిస్టు పర్మిట్ బస్సులో ప్రయాణికుల జాబితా కూడా ఉండాలి. పేర్లు, వయసులు మనమే రాసి ఇస్తే దారిలో తనిఖీ తొందరగా ముగుస్తుంది.

బత్తా సంగతి ఇంకా బాధ కలిగించింది. బిల్లులో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు, బస్సులో ఒక్కరే ఉన్నారు. రెండో మనిషి క్లీనరు, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు. రెండు రాత్రులూ ఒకే డ్రైవరు నడిపాడు. తిరుగు ప్రయాణంలో పీలేరు దాటాక ఆయన కిటికీ తెరిచి మొహం మీద నీళ్లు చల్లుకోవడం ముందు సీట్లో ఉన్న నేను చూశాను. ఆ తర్వాత కడప వచ్చేదాకా ఆయనతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు. దూర ప్రయాణాల్లో కొంత పెంచుకునే వీలున్నా 10 గంటలు దాటకూడదని అందులో ఉండేది. రాత్రంతా నడిపించే ప్రయాణానికి రెండో డ్రైవరు ఖర్చు మనం ఇవ్వాల్సిందే, సంతోషంగా ఇవ్వండి. అయితే ఆ రెండో డ్రైవరు లైసెన్సు బయలుదేరే ముందే చూడండి.

ఫోటోలో చూపిన బస్సు రాలేదన్నది ఇంకో సంగతి. కొత్త బస్సు ఫోటో పంపి, పాత బస్సు తెచ్చారు. రాత్రి 9 గంటలకు సామాన్లతో, పెద్దవాళ్లతో రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు ఎవరు వెనక్కి పంపగలరు? లోపల వెనుకవైపు అత్యవసర ద్వారం ముందు స్టెప్నీ టైరు, పరుపుల మూట పెట్టి ఉన్నాయి. అద్దం పగలగొట్టే సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం ఉంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బైకును ఢీకొన్న హైదరాబాద్–బెంగళూరు ప్రైవేటు బస్సు కాలిపోయి, 19 మంది ప్రయాణికులు బయటికి రాలేక ప్రాణాలు కోల్పోయారు. మన జిల్లాలవాళ్లం ఆ వార్తను మరిచిపోలేం. మేము ఆ టైరు, మూట తీయించి డిక్కీలో పెట్టించాకే బస్సు కదలనిచ్చాం. అరగంట ఆలస్యమైందని డ్రైవరు విసుక్కున్నాడు, విసుక్కోనివ్వండి.

కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బస్సు నంబరు కొడితే ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందో, బీమా ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన బస్సుకు ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అంతలోపు వాటికి రెండేళ్లకొకసారి. నంబరు ప్లేటు పసుపు రంగులో, అక్షరాలు నలుపులో ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తిప్పకూడదు. ఇంకొందరు తక్కువకు వస్తుందని కాలేజీ బస్సు మాట్లాడతారు. వాటికిచ్చిన పర్మిట్ విద్యార్థుల కోసం. పెళ్లివారిని ఎక్కించుకున్నప్పుడు ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది.

టోలులో కూడా మోసం జరుగుతుంది. 24 గంటల్లోపు అదే ప్లాజా నుంచి తిరిగివస్తే పోనురాను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే, రెట్టింపు కాదు. ఫాస్టాగ్‌లో ఎంత కోతపడిందో యజమాని ఫోనుకు మెసేజీలు వస్తాయి. ఆ మెసేజీలు చూపించమని అడగడం మన హక్కు. కర్నూలు, అనంతపురంవాళ్లు 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు వెళ్తే అమకతాడు, కాసేపల్లి, మరూరు, ఆ తర్వాత బాగేపల్లి, ఇలా ప్లాజాల పేర్లు ముందే తెలుసు కదా. ఒక్కొక్కదానికి ఎంతో విడివిడిగా రాయించుకోండి. మొత్తంగా ఒక అంకె రాసిస్తే ఒప్పుకోకండి.

బస్సు ధర న్యాయంగానే పెరిగే సందర్భాలు కూడా ఉన్నాయి, వాటి మీద వాదించి లాభం లేదు. పెద్ద బస్సు లీటరు డీజిలుకు నాలుగైదు కిలోమీటర్లే నడుస్తుంది. ఏసీ వేస్తే ఇంకా తగ్గుతుంది. మన రాష్ట్రంలో డీజిలు కర్ణాటకకన్నా ఖరీదు కాబట్టి బళ్లారి, బెంగళూరు వెళ్లే అనంతపురం బస్సులు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. పెళ్లివారిని హైదరాబాదులో దింపి వచ్చేయమన్నా ఖాళీగా తిరిగివచ్చే ఖర్చు మన మీదే ఉంటుంది. నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప భక్తులతో బస్సులన్నీ శబరిమల దారిలో ఉంటాయి, రేటు తగ్గదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బేరానికి వీలుంటుంది. శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. దోర్నాల వైపు అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. బయలుదేరే వేళ సరిగ్గా చూసుకోకపోతే గేటు దగ్గర ఆగిన గంటలు కూడా రోజుల లెక్కలో చేరతాయి. అద్దెలో డీజిలు కూడా కలిసి ఉంటే జీఎస్టీ సాధారణంగా 5 శాతం. అది చెప్పిన ధరలో ఉందా, పైన వేస్తారా అన్నది కూడా రాతలోనే ఉండాలి.

ఆర్టీసీ డిపోల్లో కూడా పెళ్లిళ్లకు, యాత్రలకు బస్సులు అద్దెకిస్తారు. డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి ధర కనుక్కోండి. అక్కడ బస్సు తీసుకోకపోయినా, ప్రైవేటువాళ్లతో మాట్లాడేటప్పుడు పోల్చుకోవడానికి రసీదు మీద ఉండే ఒక లెక్క చేతిలో ఉంటుంది.

ఆదివారం ఉదయం 5 గంటలకు జరిగింది చెప్పకపోతే ఈ హెచ్చరిక పూర్తి కాదు. బస్సు మా వీధి మొదట్లో ఆగింది. డ్రైవరు దిగి డిక్కీ తాళం చెవి జేబులో వేసుకున్నాడు. "ఓనరు చెప్పాడండీ, డబ్బు పడితేనే సామాను ఇమ్మన్నాడు" అన్నాడు తల దించుకుని. 14 కిలోమీటర్లు నడిచి కాళ్లు వాచిన పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుండిపోయారు. మా పక్కింటి అవ్వ మధుమేహం మందులు డిక్కీలోని సంచిలో ఉన్నాయి. వాట్సాప్ మెసేజీ చూపించి యజమానితో ఫోనులో ఎంత వాదించినా "అది అంచనా మాత్రమే" అన్నాడు. చివరికి నలుగురి ఫోన్ల నుంచి డబ్బు పంపాకే డిక్కీ తెరుచుకుంది. తలా 900 అనుకున్నది 1,600 దాటింది. పింఛను డబ్బుతో బతికే వాళ్ల దగ్గర మళ్లీ చేయి చాచాల్సి వచ్చింది.

అందుకే అడ్వాన్సు పావు వంతుకు మించి ఇవ్వకండి. రాతలో "ఇదే మొత్తం ధర, ఇంతకు మించి టోలు, పార్కింగు రసీదుల ప్రకారం మాత్రమే" అన్న వాక్యం ఉండేలా చూడండి. మందులు, డబ్బు, కాగితాలు డిక్కీలో పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, వాట్సాప్ మెసేజీ, బిల్లు, మీటరు ఫోటోలు, డబ్బు పంపిన వివరాలు ఇచ్చాం. ఆ తర్వాత యజమాని, బస్సులో లేని రెండో డ్రైవరు బత్తా 3,000, పర్మిట్ సొమ్ము 5,500 తిరిగి పంపాడు. మూడో రోజు పేరుతో తీసుకున్న 18,000 మాత్రం ఇవ్వనన్నాడు. దానికోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. కడప, కర్నూలు, అనంతపురంలో ఇలాగే క్యాలెండరు లెక్కతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే బిల్లు, మెసేజీలు చెరిపేయకుండా దాచుకోండి. గడువు దాటకపోతే మీరూ ఫిర్యాదు చేయవచ్చు.